నిన్న ఏం చేసేరండి?

మొన్న మా ఆఫీసులో సర్వర్ మీద ఒక సర్వీసు లేవనంది. తెర మీద ఎర్ర గుర్తు చూడగానే నా చెయ్యి అలవాటుగా ఫోను మీదకి పోయింది. కూర్మన్నపాలెంలో, మా మిషన్లు చూసే ఆయన ఇంటి నంబరు నాకు కళ్ళు మూసుకున్నా వస్తుంది. వాళ్ళావిడ ఎత్తారు. నా గోడు నేను మొదలుపెట్టేలోపే, "షిప్పింగాఫీసు అమ్మాయివి కదూ? ఆయన పోయారమ్మా, వైశాఖంలో," అన్నారు.

ఆ తర్వాత ఆవిడా నేనూ ఏం మాట్లాడుకున్నామో చివర్లో చెప్తాను. ముందు ఆయన ఎలాంటివారో తెలియకపోతే ఆ మాటలు మీకు అందవు.

ఆయన ఊళ్ళో ఆఫీసులకి తిరిగి కంప్యూటర్లు బాగుచేసేవారు. స్టీలుప్లాంటు కట్టే రోజుల్లో గోదావరి జిల్లా నుంచి ఎవరో కాంట్రాక్టరు దగ్గర పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఇన్నేళ్ళు మా మధ్య తిరిగినా మా 'ఏటి' ఆయన నోటికి ఎక్కలేదు. ఆయన 'ఆయ్' ఆయన్ని వదల్లేదు. 'అండి' మాత్రం ఎదురుపడిన ప్రతిదానికీ పెట్టేవారు. మనుషులకే కాదు, మానిటర్లకీ ప్రింటర్లకీ కూడా. "ఈయనకి కాయితం అరగట్లేదండి," అనేవారు ప్రింటర్ని చూపించి. మొదట్లో నేను వెనక్కి తిరిగి ఎవరికి అజీర్తి చేసిందా అని చూసేదాన్ని.

సర్వీసు అంటే ఏమిటో నాకు చెప్పింది కూడా ఆయనే. "తెర మీద కనపడే ప్రోగ్రాం పెళ్ళికొడుకండి. ఆయన కూచునుంటాడంతే. వెనకాల వంటోళ్ళు, నీళ్ళోళ్ళు, దీపాలోళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళండి సర్వీసులంటే. పొద్దున్న మిషను పెట్టగానే వాళ్ళంతా లేచి ఎవరి పనిలోకి వాళ్ళు దిగాలండి. ఒక్కడు అలిగి పడుకున్నాడా, పెళ్ళాగిపోతుందండి."

ఆయన దృష్టిలో సర్వీసు పాడవదు, అలుగుతుంది. మేం చాటుగా ఆయనకి 'అలకలాయన' అని పేరు పెట్టుకున్నాం. చాటుగా అని మేం అనుకున్నాం గానీ, ఒకసారి ఫోనెత్తి తనే "ఆయ్, అలకలాయన్నండి, చెప్పండి," అన్నారు.

ఆయన్ని పిలిచిన ఆఫీసువాళ్ళకి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. ఇటు పని ఆగిపోయి అందరం కాళ్ళు కాలిన పిల్లుల్లా తిరుగుతుంటే, ఆయన గుమ్మంలో చెప్పులు విప్పి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, తిరిగే కుర్చీలో మఠం వేసుకుని కూర్చునేవారు. టీ వచ్చేదాకా కీబోర్డు ముట్టుకునేవారు కాదు. అర్జంటు అన్నకొద్దీ ఇంకా నెమ్మదించేవారు. టీ తాగుతూ గదిలో ఉన్న ఒక్కొక్కళ్ళనీ అడిగేవారు, "నిన్న ఏం చేసేరండి?" అని.

జవాబు ఎప్పుడూ ఒకటే. "ఏటీ సెయ్‌లేదు సార్."

"ఏం చెయ్యకపోతే ఎందుకు అలుగుతాడండి?" అనేవారు, నిజంగానే ఆశ్చర్యపోయినట్టు.

రీస్టార్ట్ అనే మాట ఆయన దగ్గర ఎత్తకూడదు. "అది చెంపదెబ్బండి. కొడితే లేస్తాడు, కాదన్ను. ఎందుకు అలిగేడో మాత్రం చెప్పడు. రేపు మళ్ళీ పడుకుంటాడు," అనేవారు. దసరాలు వెళ్ళిన మర్నాడు ఆయనకి ఊపిరాడేది కాదు. ఆయుధపూజ పేరుతో ఊరు ఊరంతా కంప్యూటర్లకి పసుపూ కుంకుమా పెట్టేది. అక్కడితో ఆగితే బాగుండేది, ఫ్లాపీ పెట్టే సందులో అక్షింతలు కూడా వేసేవాళ్ళం. "ఏం చెయ్యలేదండి, పూజే చేశామండి" అని జనం చెప్తుంటే ఆయన పట్టకారుతో ఒక్కొక్క బియ్యపు గింజా ఏరుతూ "ఆయ్, చాలా భక్తిగా చేసేరండి," అనేవారు.

ఇంత ఓపిక గల మనిషికి తన స్కూటరు మీద మాత్రం జాలి లేదు. అది ఒక పట్టాన స్టార్టయ్యేది కాదు. ఏ విచారణా లేకుండా దాన్ని తన్నేవారు. మా అటెండరు మెట్ల మీద నించుని, "సార్, నిన్న దాన్నేటి సేసినారో అడగండి ముందు!" అని అరిచేవాడు. ఆయన వినపడనట్టు ఇంకో నాలుగు తన్ని, చివరికి పోర్టు రోడ్డు పల్లం దాకా తోసుకుపోయేవారు.

ఇంక ఆ శుక్రవారం సంగతి చెప్పాలి.

వై టూ కే అంటూ లోకమంతా కంప్యూటర్లలో తేదీలు చూసి వణికిపోయిన గొడవ సద్దుమణిగిన కొత్తలు. ఓడలకెక్కే సరుకుకి కాయితాలు తయారుచేసే ఆఫీసు మాది. నేనూ ఇంకో ఇద్దరమ్మాయిలూ కంప్యూటర్ల దగ్గర కొత్తగా చేరాం. మాది జాలరిపేట. నాన్న వేటకెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. నాకు ఏసీ గదిలో ఉద్యోగం వచ్చిందని అమ్మ పేటలో చెప్పని గుమ్మం లేదు. అయితే మా మావయ్య తన కొడుక్కి నన్ను చేసుకోవాలని ముహూర్తం కూడా చూయించుకుని కూర్చున్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆగుతానన్నాడు. ఊడిన మర్నాడే పందిరి వేస్తానని నవ్వుతూనే చెప్పాడు. మా బావ మంచివాడే. కానీ నాకు ఆ తెర ముందు కూర్చోవడం బావ కంటే ఇష్టంగా ఉండేది.

మా యజమాని ఎలమంచిలి వైపు బెల్లం వ్యాపారం చేసి ఇటొచ్చినాయన. సిద్ధాంతి గారిని అడక్కుండా కొత్త పెన్ను మూత కూడా తీసేవారు కాదు. కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టడానికి సిద్ధాంతి గారు బుధవారం పొద్దున్న ముహూర్తం పెట్టారు. అది పెట్టాల్సిన హైదరాబాదు కుర్రాళ్ళు రైలు తప్పి గురువారం వచ్చారు. వచ్చి, ఎక్కించి, అంతా నడుస్తోందని చూపించి సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. అప్పుడు మా యజమాని సర్వర్ గదిలోకి ఒక్కరే వెళ్ళి తలుపేసుకుని పూజ చేశారు. కొబ్బరిచిప్పలతో బయటికొచ్చి, "ముహూర్తంలోనే మొదలెట్టీసినాం," అన్నారు సంతోషంగా. బుధవారం ముహూర్తం గురువారం ఎలా వచ్చిందని మేమెవరం అడగలేదు. స్వీట్లు బాగున్నాయి.

శుక్రవారం పొద్దున్న సర్వర్ పెడితే ప్రోగ్రాం లేవలేదు.

హార్బరులో ఓడ ఉంది. మధ్యాహ్నానికి కాయితాలు వెళ్ళాలి. హైదరాబాదు కుర్రాళ్ళు రైల్లో ఉన్నారు, ఫోను అందట్లేదు. యజమాని మా ముగ్గురి ముందూ నించున్నారు.

"ఏటిది? నిన్న సుబ్బరంగా నడిసింది గదా! మీరే ఏదో కెలికీసినారు. మజ్జాన్నం లోపల ఇది లేవకపోతే అటక మీంచి పాత టైపు మిషన్లు దింపించీస్తాను. మీ ముగ్గురూ ఇంటికెల్లిపోండి."

నాకు కళ్ళ ముందు మావయ్య వేయించబోయే పందిరి కనపడింది. అలకలాయనకి ఫోను చేశాను.

ఆయన వచ్చారు. చెప్పులు విప్పారు. కళ్ళజోడు నుదుటి మీదకి వెళ్ళింది. టీ చెప్పారు. మాలో ఒకమ్మాయి ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం వరసగా అడిగారు. మేం ఏటీ సెయ్‌లేదన్నాం. అటెండరు ఏటీ సెయ్‌లేదన్నాడు. చివరికి యజమానినీ అడిగారు.

"నానేటి సేత్తాను? దండం ఎట్టుకున్నాను," అన్నారాయన గుర్రుగా.

నుదుటి మీద కళ్ళజోడుతో ఆయనకి అక్షరాలు కనపడవు కాబట్టి, తెర మీద వచ్చింది చదవడానికి నన్ను సర్వర్ గదిలోకి తీసుకెళ్ళారు. కళ్ళజోడు దించుకోవచ్చు కదా అని నేనెప్పుడూ అనలేదు. అంటే ఇంకెవరినైనా తీసుకెళ్తారని భయం. ఆయన పక్కన కూర్చుని చదవడమే నాకు అసలు కాలేజీ.

"మా వైపు పెళ్ళివారి బస్సు చూసేరా ఎప్పుడైనా?" అన్నారు మౌసు కదుపుతూ. "వియ్యపురాలు ఎక్కలేదని ఆడపడుచు ఎక్కదండి. ఆడపడుచు ఎక్కలేదని తోడికోడలు ఎక్కదు. మనం అందరినీ బతిమాలక్కర్లేదండి. మొదట అలిగిందెవరో పట్టుకుంటే చాలు. చదవండి."

చదివాను. మా ప్రోగ్రాం లేవకపోవడానికి కారణం లైసెన్సు సర్వీసు లేవకపోవడం. ప్రోగ్రాం కొనుక్కుని వాడుతున్నామా, దొంగతనంగా వాడుతున్నామా అని చూసే కాపలావాడు అది. వాడు ఎందుకు లేవలేదో మాత్రం రాయలేదు.

"ఈయనండి వియ్యపురాలు," అని ఆయన టీ అందుకున్నారు. "నిన్న పూజ బాగా జరిగిందాండి?"

అవతల కొంప మునుగుతుంటే పూజ ఎలా జరిగితే ఏమిటని నాకు ఒళ్ళు మండింది. అయినా చెప్పాను. "ఏటోలెండి సార్. ముహూర్తం బుధవారమే దాటిపోనాది. ఆ హైదరాబాదోల్లు గురువారం వచ్చినారు. మా ఓనరు గారు ఒక్కలే లోపలికెల్లి తలుపేసుకున్నారు. ముహూర్తంలోనే మొదలెట్టీసినామన్నారు మల్లీ."

టీ గ్లాసు ఆగిపోయింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదకి దించారు. నేను ఆ ఆఫీసులో చేరాక అది మొదటిసారి చూడటం. తెర కింది మూల గడియారం దగ్గరికి వంగారు.

"ఇవాళేం వారమండి?"

"సుక్కురారం సార్."

"ఈయన లెక్కలో ఇంకా గురువారమే తెల్లారలేదండి. తెల్లారకుండా లెమ్మంటే ఎవడు లేస్తాడండి?"

నాకు అప్పుడు వెలిగింది. మా యజమాని గురువారం సాయంత్రం తలుపేసుకుని సర్వర్ గడియారాన్ని బుధవారం ముహూర్తానికి వెనక్కి తిప్పి, మిషన్ని ముహూర్తంలో కూర్చోబెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మనుషుల్ని నమ్మించడానికి కాదు. నిజంగానే మిషను నమ్మితే చాలనుకున్నారు. నిన్నంతా పనిచేసిన కాపలావాడు ఇవాళ లేచి చూస్తే నిన్నటి తెల్లవారుజాము. రోజులు వెనక్కి నడిచాయంటే ఎవరో లైసెన్సు గడువు దొంగిలిస్తున్నారని వాడి అనుమానం. తలుపు తియ్యడు.

నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. "సార్, మనమే తేదీ ముందుకి జరిపీసి ఊరుకుందాం. ఆయనకి సెప్పొద్దు," అన్నాను.

"రేపు చూసుకుని మళ్ళీ వెనక్కి తిప్పుతారండి. అలిగినోణ్ణి లేపితే సరిపోదండి, అలిగించినోళ్ళకి కూడా తెలియాలి. పిలవండి బాబుగారిని."

పిలిచాను. నన్ను బయటికి పొమ్మని ఎవరూ అనలేదు కాబట్టి మూల నించున్నాను. ఆయన లేచి మా యజమానికి తన కుర్చీ ఇచ్చారు. మీరే చేశారు అనలేదు. తేదీ వైపు వేలు చూపించి ఊరుకున్నారు.

మా యజమాని మొహం ముందు ఎర్రబడింది, తర్వాత ముడుచుకుపోయింది. "అది మార్చకండి," అన్నారు. గొంతు తగ్గింది. "సిద్ధాంతి గారు మరీ మరీ సెప్పినారు. మారిస్తే ముహూర్తం సెడిపోద్ది."

"ఎందుకు చెడుతుందండి?" అన్నారు అలకలాయన. "జీలకర్రా బెల్లం ముహూర్తానికి పెట్టేసేరు కదండి. బెల్లం సంగతి మీకు నేను చెప్పాలా. ఒకసారి పెట్టేక పెళ్ళయిపోయినట్టే. అలాగని పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నెత్తి మీద చేతులు పెట్టుకుని ఆ ముహూర్తంలోనే కూచుండిపోరు కదండి? అప్పగింతలవ్వాలి, బస్సెక్కాలి, కాపరం చెయ్యాలి. రోజు ముందుకి జరక్కపోతే మీ కోడలు ఇంకా పీటల మీదే ఉందండి."

యజమాని తెర దగ్గరికి వంగారు. "అంటే, ముహూర్తం పోదా?"

"ఆయ్, ఎక్కడికి పోతుందండి? బుధవారంలో భద్రంగా ఉంది. మీ చేత్తోనే జరపండి."

మా యజమాని జేబురుమాలుతో చెయ్యి తుడుచుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, తేదీని శుక్రవారానికి జరిపారు. అలకలాయన లైసెన్సు సర్వీసు మీద నొక్కి "లేవండి" అన్నారు. లేచింది. దాని వెనక మిగతావన్నీ ఒక్కొక్కటే లేచాయి. నేను గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు మా యజమాని తలుపు వైపు చూశారు. బయట ఆఫీసంతా ఎదురుచూస్తోంది. పొద్దున్న మమ్మల్ని ఇంటికి పొమ్మన్న గొంతు కాదది. "బయట ఏటని సెప్పడం?" అని చిన్నగా అడిగారు.

అలకలాయన సర్వర్ ఆపారు. స్క్రూడ్రైవరు తీసి పెట్టె విప్పారు. లోపల్నించి రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి పీకి, సంచీలోంచి కొత్తది పెట్టి, తేదీ మళ్ళీ సరిచూసి లేపారు. పీకినదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తలుపు తీసుకుని బయటికి వెళ్ళారు.

"ఇదండి మొత్తం గొడవ. గడియారం బ్యాటరీ. అయిపోయిందండి. అందుకని రోజు వెనక్కి పోయింది. ఎవరి తప్పూ లేదండి."

మా యజమాని ఆయన వెనకే వచ్చి ఛాతీ విరుచుకున్నారు. "ఈ బిళ్ళ ముక్క కోసం ఇంత రాద్ధాంతమా! నాను పొద్దున్నే అనుకున్నాను, ఇలాటిదే ఏదో అయ్యుంటాదని. పిల్లలేటి సేత్తారు పాపం!" అన్నారు. మేం ముగ్గురం కుర్చీల్లో కూర్చున్నాం. కాయితాలు ఓడకి అందాయి. మా బావకి ఆ ఏడే గంగవరంలో సంబంధం కుదిరింది. నేను వెళ్తే ఇప్పటికీ వాళ్ళావిడ మంచి చేప వండి పెడుతుంది.

ఆయన వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర పట్టుకున్నాను. "సార్, ఆ బ్యాటరీ బాగానే ఉన్నాది గదా?"

"ఆయ్, శుభ్రంగా ఉందండి," అని దాన్ని చొక్కా జేబులో వేసుకున్నారు. "దానికి సిగ్గూ శరం లేవు కదండి. నింద వేస్తే ఏమీ అనుకోదు. మనిషైతే చాలాకాలం మోస్తాడండి." తర్వాత కిందకి దిగి స్కూటర్ని తన్నడం మొదలుపెట్టారు.

తర్వాత చాలా ఏళ్ళు ఆయన్ని చూశాను. యజమాని పెద్దవారయ్యాక ఆఫీసు చూసుకునే పని నాకొచ్చింది. ఆయన రావడం తగ్గి, ఫోన్లు మిగిలాయి. నేను సంగతి చెప్పడం, ఆయన "నిన్న ఏం చేసేరండి?" అనడం, ఏటీ సెయ్‌లేదనడానికి నేను నోరు తెరిచి సగంలో నాలిక కరుచుకోవడం. అలా చాలా అలకలు తీరాయి.

ఇక మొన్నటి ఫోను. పోయారమ్మా అన్న తర్వాత, నేను అడక్కముందే ఆవిడే చెప్పారు.

"పొద్దున్న లేవలేదమ్మా. రోజూ నాకంటే ముందు లేచి పాలపాకెట్లు తెచ్చే మనిషి. ముందురోజు సాయంత్రం మిక్సీ విప్పి పేపరు మీద పోశారు. అది బాగానే ఉంది, ఏదో చప్పుడొస్తోందట. నేను గట్టిగా అరిచేనమ్మా. ఊళ్ళో వాళ్ళవన్నీ బాగుచేస్తారు, నా ఇంట్లో ఒక్కటీ సరిగ్గా ఉండనివ్వరు అని. ఏమీ అనలేదు. మజ్జిగన్నం తిని పడుకున్నారు. డాక్టరు గుండె అన్నాడు. ఏమోనమ్మా. ఆయనుంటే ముందు అదే అడుగుదురు కదా, నిన్న ఏం చేసేవు అని. అప్పట్నించీ నేను అదే అడుక్కుంటున్నాను."

నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఇలాంటి ప్రశ్న ఒకటి ఇంట్లో వదిలేసి వెళ్ళినందుకు. ఇన్నేళ్ళ ఆఫీసు భాష ఎక్కడికి పోయిందో, పేటలో మా అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడాను.

"అమ్మా, మీరేటీ సెయ్‌లేదు. బ్యాటరీ అయిపోనాదమ్మా. అంతే. ఎవల తప్పూ లేదు."

అవతల ఆవిడ ముక్కు చీదడం వినపడింది, ఆ వెనకే చిన్న నవ్వు.

"బాగున్న బ్యాటరీ మీద నింద వెయ్యడం నీకు కూడా నేర్పేరన్నమాట," అన్నారు. "ఉండనీలే అమ్మా. దాని మీదే ఉండనీ." కొంగుతో మొహం తుడుచుకున్నట్టున్నారు, గొంతు తేటపడింది. "ఇంతకీ ఎందుకు చేసేవు? ఏదో లేవలేదా? అయితే నాతో కబుర్లేమిటి, ముందు వెళ్ళి వాళ్ళని అడుగు."

ఫోను పెట్టేసి సర్వర్ గది దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విప్పాను. మా వాళ్ళంతా కంగారుగా చుట్టూ మూగారు, అర్జంటు మేడమ్ అంటూ. కుర్చీ లాక్కుని కూర్చుని, అందరికీ టీ చెప్పాను.

"నిన్న ఏం చేసేరండి?" అన్నాను.

"ఏటీ సెయ్‌లేదు మేడమ్," అన్నారు అందరూ.